కొంగుకంటిన ఆయిలు

ఆ రోజు తప్పు నాదే. కదిరి వెళ్లి పెళ్లాన్ని చూసొస్తానన్న డ్రైవరుకు సెలవివ్వకుండా హిందూపురంలో ఇంటి పనికి ఉంచి, ధర్మవరానికి కారు నేనే తీసుకుని బయలుదేరాను. పెనుకొండ దగ్గర ఆయిలు తగ్గిందేమోనని అనుమానం వచ్చి, ఇంజిను ఆపి, ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ బయటికి లాగాను. పొడుగునా ఆయిలే అంటుకుని ఉంది, ఎంతుందో తెలియలేదు.

బస్సు కోసం నిలబడిన ఒకామె దగ్గరికొచ్చింది. "అట్ల తెలీదప్పా. తుడిచి, మళ్లా పెట్టి తీయల్ల" అంటూ తన కొంగుతోనే తుడిచింది. రెండోసారి తీస్తే ఆయిలు రెండు గీతల మధ్య, సరిపడా కనిపించింది.

"మరక పోదమ్మా" అన్నాను.

"ఉండనీప్పా. మా ఇంటాయన బెంగళూర్లో కారు తోల్తాడు. ఓనరు సెలవియ్యడు, ఈయప్ప గట్టిగా అడగడు. ఇంటికొస్తే చేతులు ఇదే వాసనొస్తాయి."

బస్సొచ్చేదాకా ఆమె ఆ కొంగును ముక్కు దగ్గరే పెట్టుకుంది.

ఆమె వెళ్లాక మా డ్రైవరుకు ఫోన్ చేసి, "ఈ పొద్దే కదిరికి పోప్పా, వారం ఉండి రా" అన్నాను.