వాగు పక్క మిర్చి కల్లం

మాఘమాసంలో డోర్నకల్ స్టేషన్ దగ్గర మా ఊరి ఆటో ఎక్కితే చాలు, ముక్కుకు ఘాటు తగులుతుంది. ఒకరు తుమ్మితే వరసబెట్టి అందరూ తుమ్ముతారు, ఎవరూ విసుక్కోరు. ఎండు మిరపకాయల వాసన అది. నాకు మాత్రం పుట్టింటి వాసన.

మా చిన్నప్పుడు ఊరికీ వాగుకూ నడుమ పెద్ద బయలు ఉండేది, ఊరందరి మిర్చి కల్లం. కోతలు మొదలయ్యాయంటే ఎవరి కాయలు వాళ్లు అక్కడ ఆరబోసుకుని, పొద్దునా సాయంత్రమూ కాళ్లతో తిరగేస్తూ, తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ, మధ్యాహ్నం తుమ్మచెట్టు నీడన జొన్నగట్కలో చల్ల పోసుకుని తింటుంటే, మేం పిల్లలం ఎర్రటి కుప్పల చుట్టూ ఉరికి, మండే చేతులతో కళ్లు నులుముకుని ఏడ్చి, ఏడుపు తీరకముందే మళ్లీ ఉరికేవాళ్లం. కాయలెత్తేశాక ఎండాకాలమంతా అక్కడ కర్రా బిళ్లా పట్టుకుని చిర్రగోనె ఆట. వానలు పడితే గడ్డి, గడ్డిలో బర్రెలు. వాగు పొంగితే వాగే వచ్చి కాసేపు పడుకుని వెళ్లేది. బతుకమ్మ నాటికి ఒండ్రు ఆరి, ఆడేవాళ్ల పాదాలకు నేల మెత్తగా తగిలేది.

ఆ బయల్లో గోడ లేపొద్దని ఊరి కట్టుబాటు. పందిరైనా మంచైనా వేసుకోవచ్చు, పునాది మాత్రం తవ్వకూడదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు వాగు పేరే ఎత్తేవాళ్లు కాదు, మరి కాయలెక్కడ పోస్తారని కసిరేవాళ్లు.

మా ఇల్లేమో గట్టు మీద. అమ్మ వాగు ఇసుకలో చెలిమె తవ్వి, నీళ్లు తోడుకుని, నెత్తిన బిందెతో ఆ ఎత్తు ఎక్కాలి. నడుము పట్టేసి ఆమె మంచానపడిన ఏడు, నాయిన ఎవరినీ అడక్కుండా కల్లం అంచున, వాగుకు దగ్గరగా, కొత్త ఇంటికి ముగ్గు పోయించాడు. సున్నంతో గీసిన ఆ గదుల్లో నేనూ చెల్లీ ఇది వంటిల్లు, ఇది నాది అని జుట్లు పట్టుకున్నాం. సాయంత్రానికల్లా పెద్దనాయిన వచ్చాడు. నాయినకు సొంత అన్న, పంచాయతీలో వార్డు మెంబరు.

"గీడ గోడ లేపుడు కుదరదు తమ్మీ. నీకిస్తే రేపు అందరడుగుతరు."

"నా పెండ్లాం నడుము ఇరిగిపోతున్నదే. నువ్వు మోస్తవా నీళ్లు?"

పెద్దనాయిన మోయలేదు గాని, పంచాయతీ ప్రాణం తోడేసి గట్టు మీద బోరింగు వేయించాడు. ఇల్లు ముగ్గు దగ్గరే ఆగిపోయింది, నాయినకు కోపం మాత్రం చల్లారలేదు. అన్నదమ్ములు ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు. ఆ శ్రావణంలో ముసురు పట్టి వాగు కల్లమంతా పరుచుకుంది. మేమంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే, మా వంటిల్లు ఉండాల్సిన చోటు మీదుగా ఎవరిదో గడ్డివాము తేలుతూ పోయింది.

"పొయ్యి కాడికే వచ్చినయి నీళ్లు," అంది అమ్మ. "ఇగ బిందెతోని పనే లేకపోవు."

నాయిన ఉరిమి చూశాడు, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. ఆ పూట మా ఇంట్లో సర్వపిండి కాల్చితే మొదటిది పెద్దనాయినకే పంపాడు.

పెద్దనాయిన పోయాక కట్టుబాటూ పోయింది. కల్లంలో సగం ప్లాట్లయింది. కొన్నవాళ్లు ఊరికి కొత్త, కూలి చేసుకుని బతికేవాళ్లు. వాగు సంగతి వాళ్లకు చెప్పిన పుణ్యాత్ముడు లేడు. మొదటి పెద్ద వానకే ఇళ్లలోకి నడుములోతు నీళ్లొస్తే, వాళ్లలో సారమ్మ అనే ఆమె పిల్లల్ని భుజానేసుకుని మా గట్టెక్కింది. నీళ్లు తీశాక గ్రామసభ పెట్టి, మిగిలిన కల్లంలో ఇక ఏ ఇంటికీ అనుమతి ఇవ్వొద్దని తీర్మానించారు. చప్పట్లు కొట్టారు. అప్పుడు సారమ్మ లేచింది.

"మంచిదే. మరి మేమేడికి పోవాలె?"

జవాబు చెప్పింది ముసలివాడైన మా నాయినే. "మా పెరడు ఉత్తగనే ఉన్నది. గాడ కట్టుకో బిడ్డా."

"అప్పుడు ముగ్గు పోయించేటప్పుడు నన్నడగలే, ఇప్పుడూ అడగలే," అని గొణిగింది అమ్మ. ఇంటికి రాగానే పెరట్లో చిక్కుడు పందిరి పీకడం మొదలుపెట్టిందీ ఆమే.

పెరట్లో సారమ్మ ఇల్లు లేచింది. మిగతా వాళ్లకు ఎగువన జాగా వెతకడం ఇంకా నడుస్తూనే ఉంది. పెద్దనాయిన లేడు, కల్లంలో సగం లేదు, చిర్రగోనె ఆడే పిల్లలు లేరు. అమ్మ పెరటి చిక్కుళ్లు లేవు, వాటి గురించి మాత్రం నాకు నిజంగానే బాధ. మొన్నటి శ్రావణంలో నేను అక్కడున్నప్పుడే వాగు రాత్రికి రాత్రే మళ్లీ కల్లం మీదికి వచ్చింది. తెల్లారి నేను పెరటి గోడ మీదుగా పిలిచి చెబితే గాని ఆ సంగతి సారమ్మకు తెలియలేదు.