మామిడికొత్త కాని ఊరు

అరకు నుంచి దిగొస్తుంటే టైడాలో రైలు ఆగిపోయింది. సెల్‌ఫోన్లు లేని రోజులు, ఎప్పుడు కదులుతుందో చెప్పే దిక్కు లేదు. మా కోడలికి మూడో నెల, పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. పుల్లటి మామిడికాయ ఉంటే బాగుణ్ణు అంది. స్టేషను వెనకాల చెట్టు నిండా కాయలే. దానికింద అడ్డాకులు కుడుతున్న కొండావిడని ఒక్కటి కోసిమ్మని అడిగాను.

“మామిడికొత్త పండగ అవనేదమ్మా. అంతవరకు ఎవులం ముట్టం.”

అలసటలో విసుగొచ్చింది. “ఏటమ్మా, ఇంకా రాజుల కాలంలోనే ఉండిపోయారేటి?”

ఆవిడ నవ్వింది. “మరే! ఆ కాలం నుంచీ ఇంతే. అదిగో, ఆ సివరింట్లో గుంట సచ్చిపోనాది. ఆ గుంట తల్లి లేచి వస్తానన్నాకే ఊరికి పండగ. ఆలని ఒగ్గేసి ఎలా తింతాం?”

మా ఆయన పోయిన వారానికే మా వీధిలో పెళ్లి బాజాలు మోగాయి. చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను గానీ, అది తప్పని నాకూ తోచలేదు.

ఆవిడ మూట విప్పి పాత చింతపండు కాస్త కోడలి చేతిలో పెట్టింది. “ఇది తిను గుంటా. దీనికి పండగెప్పుడో అయిపోనాది.”

కోడలు కళ్లు మూసుకుని చప్పరించింది. ఈసారి కడుపులో నిలిచింది. నేను మాత్రం రైలు కూతేసేదాకా ఆ చివరింటికేసే చూస్తూ కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు.