తిప్పని మెడ

కీళ్ళ దగ్గర టక్కుమని చప్పుడు తెప్పిస్తుందని వీధిలో ఆమెను టక్కక్క అంటారు. ఫిజియోథెరపీ చదివి పదిహేడేళ్ళుగా ఇంటి ముందుగదిలోనే వైద్యం చేస్తోంది. నిజానికి ఆ చప్పుడు ఆమె పనిలో చిన్న భాగం. బిగుసుకున్న కండరాన్ని బొటనవేలితో వెతికి పట్టుకుని, అది తనంతట తాను వదిలేదాకా అలాగే నొక్కి ఉంచుతుంది. భుజం లేవని మనిషిని తన అరచేతికి ఎదురు నెట్టమంటుంది. నెట్టడం ఆపి ఊపిరి వదిలినప్పుడు ఆ చేతిని అంగుళం పైకి తీసుకెళుతుంది. తొందరపడితే కండరం మళ్ళీ బిగుస్తుంది. ఆ ఓపిక చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక ఉదయం ఆమె అక్క మొగుడు వచ్చాడు. క్రేన్ నడిపే మనిషి. మెడనొప్పితో రెండు వారాలుగా సెలవులో ఉన్నాడు. మర్నాడు పనిలోకి వెళ్ళకపోతే ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెడతారు.

“మరదలా, ఒక్కసారి మెడ టక్కుమనిపించు, పోతా.”

“నీ మెడ మా అక్క ఎప్పుడో వంచేసింది కదా బావా, నాకేం మిగిల్చింది?”

“ఇప్పుడు మహా ప్రేమ పుట్టుకొచ్చిందిలే. చొక్కా గుండీలు కూడా తనే పెడుతోంది.”

నవ్వుతూనే బల్లమీద పడుకోబెట్టింది. కుడిచెయ్యి గడ్డం కింద, ఎడమచెయ్యి తల వెనక. మెడను పక్కకు తిప్పి, బిగువు తగిలేదాకా తీసుకొచ్చింది. ఇక ఒక్క చిన్న విదిలింపు.

చేతులు ఆగిపోయాయి.

“గుండీలు తనెందుకు పెడుతోంది?”

“చెప్పాగా, ప్రేమ.”

“పరాచికాలు పక్కన పెట్టు బావా.”

“వేళ్ళు మొద్దుబారాయి. గుండీ చేతికి దొరకదు. దానికీ మెడకీ ఏమిటి?”

తలను మెల్లగా నిటారుకు తెచ్చి లేపింది. పిడికిలి గబగబా మూసి తెరవమంది. పది సెకన్లలో ఇరవైసార్లు రావాలి, పదకొండే వచ్చాయి. నడిమివేలి గోరును మీటితే బొటనవేలు దానంతటదే కదిలింది. నేలమీద పలకల గీత వెంట అడుగు ముందు అడుగేసి నడవమంటే నాలుగో అడుగుకి గోడ పట్టుకున్నాడు.

మెడలో వెన్నుపాము నలుగుతుంటే కనిపించే గుర్తులివి. అలాంటి మెడను విదిలిస్తే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. పరాయివాళ్ళనైతే చెయ్యి వెయ్యకముందే ఇవన్నీ అడిగేది. బావ కదా అని అడగలేదు.

“తిప్పను. ఆసుపత్రికి పోదాం.”

“ఊరందరికీ తిప్పుతావు, నాకే చేతకాదా? మార్కెట్ దగ్గర కట్లు కట్టేవాడున్నాడు. వాడైతే ఐదు నిమిషాల్లో తిప్పి పంపిస్తాడు.”

చెప్పులు వేసుకోబోయాడు. కాలు రెండుసార్లు పట్టీ తప్పింది. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి అక్కకు ఫోన్ చేసింది.

“అక్కా, బావ మెడ ఎవరూ తిప్పకూడదు. తిప్పితే మంచాన పడతాడు. నా మాట వినట్లేదు.”

అటునుంచి అక్క అంది, “ఆయనకివ్వు.”

“ఏమండీ, ఉద్యోగం పోతే నేను ఏదో ఒకటి చేస్తాను. మీరు పడిపోతే మాత్రం ఎత్తే బలం నాకు లేదు. దానితో వెళ్ళండి.”

ఫోన్ తిరిగిచ్చి ఆమెతో బయల్దేరాడు. ఆటోలో గుంత వచ్చినప్పుడల్లా మరదలు రెండు చేతులతో తల పట్టుకుంటే వద్దనలేదు.

స్కాన్ చూసిన డాక్టరు మొదట అడిగిన మాట ఒకటే. “మెడ ఎవరైనా విదిలించి తిప్పారా?”

“లేదండీ,” అంది టక్కక్క. అరచేతులు చీరకు తుడుచుకుంది.

రేపే ఆపరేషన్ అన్నాడు. నడక నిలబెట్టుకోవచ్చు, వేళ్ళ పట్టు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే మాటివ్వలేను అన్నాడు.

అక్క వచ్చేసరికి బావ ముందు ఆపరేషన్ కాగితాలు పెట్టారు. సంతకానికి చాలాసేపు పట్టింది. అక్కాచెల్లెళ్ళు చెరోపక్క నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు.