కత్తి పట్టుకొని వచ్చిన చుట్టం

ఈ రోజు మధ్యాహ్నం చోళపురం నుంచి మా అత్త వచ్చారు. మిల్లులో సూపర్‌వైజర్‌గా పనిచేసే మా ఆయన సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఆట ఆడుతుంటే, పక్కన చేరి చూశారు. తెరమీద ఎవరో కొత్త కత్తివీరుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఎవురురా వాడు?"

"వేరే కంపెనీ ఆటలో ఉండేవాడమ్మా. రెండు కంపెనీలు ఒకటిగా చేరినాయి. అందుకని మా ఆటకి వచ్చినాడు."

"అట్లంటే విరుందాళి. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎవురన్నా కొడతారా? కత్తి దించు."

నలభై దాటిన మా ఆయన అమ్మ మాట కాదనలేక కత్తి దించారు. ఆ అతిథి క్షణం ఆగకుండా ఆయన తల నరికేశాడు. ఇన్నాళ్లుగా ఓడిపోకుండా కాపాడుకున్న పేరు అక్కడితో పోయింది. కొడుకు ముఖం చూసి అత్తకు కోపం వచ్చింది.

"మర్యాద తెలియనోడు. నువ్వు వాళ్ళ ఆటకి పోయి, వాణ్ణి వాడింట్లోనే కొట్టేసి రా."

మా ఆయన వెంటనే ఆ రెండో కంపెనీ ఆటను డౌన్‌లోడ్ చేసుకున్నారు. పెట్టిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇద్దరూ వాడి కోసం వెతుకుతున్నారు. కంపెనీలు రెండూ చేతులు కలిపింది ఇందుకేనని నాకు ఇప్పుడు అర్థమైంది. మీ అత్తగారైతే ఏం చెప్పేవారు?