ఎడమ సీటు పేరు

బ్లాజెనా వావ్రోవా ఇరవై రెండేళ్లుగా క్యోవ్ అనే చిన్న పట్టణం చుట్టుపక్కల పల్లెలకు బస్సు నడుపుతోంది. మంచు కురిసినా, ద్రాక్షకోతల రోజుల్లో తాగినవాళ్లు మెట్ల మీద దొర్లినా, ఆమె బస్సులో ఒక్క ముసలమ్మ కూడా పడి మోకాలు కొట్టుకోలేదు. అలాంటి మనిషిని నలభై ఆరేళ్ల వయసులో పదిమంది మగాళ్లు కలిసి మతిమరుపుదని తేల్చేశారు. ఆ ఊరి విమానాల క్లబ్బులో అడిగితే కొందరు ఇప్పటికీ అదే మాట అంటారు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పాలి.

ఆమె బస్సు ఆఖరి స్టాపు, చిన్న విమానాలు దిగే పచ్చికబయలు గేటు దగ్గరే. తిరిగి బయల్దేరడానికి ఇరవై నిమిషాలుంటుంది. ఫ్లాస్కులో టీ తాగుతూ రోజూ ఆ ఇరవై నిమిషాలు ఆకాశంలోకి చూసి చూసి, విడాకులైన ఏడాది ఒకనాడు యూనిఫాంతోనే లోపలికి నడిచి, "నాకూ నేర్పుతారా?" అని అడిగేసింది. నేర్పారు. ఊరికే కాదు. ఆ క్లబ్బులో ప్రతి సభ్యుడూ ఏడాదికి అరవై గంటలు ఒళ్లొంచి పని చెయ్యాలని నియమం. మగమహారాజులు ఆ గంటల్ని కంచెకు ఆనుకుని, బీరు సీసాల సాక్షిగా పూర్తి చేస్తారు. బ్లాజెనా గడ్డి కోసింది, విమానాలు నిలిపే హ్యాంగరు తలుపులకు రంగేసింది, మరుగుదొడ్డి కూడా కడిగింది. లైసెన్సు తెచ్చుకుని, చక్రాలు ముడుచుకోని పాత విమానం మీద మూడు వేసవులు ఎగిరింది.

ఆ తర్వాత మడతచక్రాల విమానం నేర్చుకుంటానంది. క్లబ్బుకున్న ఒకే ఒక్క వేగమైన బండి అది. నేల వదలగానే చక్రాలు పొట్టలోకి ముడుచుకుంటాయి. దిగేముందు మీట కిందికి లాగి వాటిని దించాలి, మూడు పచ్చదీపాలు వెలిగాయో లేదో చూసుకోవాలి.

"ఆడవాళ్లకి పొయ్యి మీద పాలే గుర్తుండవు, చక్రాలేం గుర్తుంటాయి అమ్మడూ?" అన్నాడు లియోష్. క్లబ్బు అధ్యక్షుడు, ఇళ్లకు పైకప్పులు వేయించే కంట్రాక్టరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"మా ఇంట్లో పాలెప్పుడూ పొంగలేదు. మీ ఇంటి సంగతి చెప్తున్నావేమో!" అంది బ్లాజెనా. అందరూ నవ్వారు. లియోష్ నవ్వలేదు.

క్లబ్బు గదిలో బీరు కుళాయి పైన రెండు వంగిపోయిన ప్రొపెల్లర్లు వేలాడుతుంటాయి. చక్రాలు దించకుండా పొట్ట మీద దిగినవాళ్ల గుర్తులవి. ఎవరి ఘనకార్యమో వాళ్లే ఇనుప అక్షరాల అచ్చుల మీద సుత్తితో కొట్టి, ఆ ప్రొపెల్లర్ రెక్క మీద తమ పేరు దించుకోవాలి. అది అక్కడి ఆచారం. పేరు ఎక్కినవాళ్లను ఇక ఆ విమానం దరిదాపులకు రానివ్వరు.

నేర్పింది ఒత్మార్. డెబ్బైకి దగ్గరపడ్డ ముసలాయన, క్లబ్బు మెకానిక్కూ ఆయనే. బస్సులో తలుపు, అద్దం, బ్రేకు అంటూ వేలు చూపించి పైకి చెప్పుకునే అలవాటు బ్లాజెనాది. ఇక్కడా అంతే. వేగం తగ్గించేది, మీట లాగేది, చక్రాలు దిగుతుంటే ముక్కు బరువెక్కడం చేతికి తెలిసేది, ఒక్కో దీపానికీ వేలు పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెట్టేది. "మైకు పెట్టి స్టాపుల పేర్లు కూడా చెప్పు తల్లీ" అని ఒత్మార్ ఏడిపించేవాడు. పద్దెనిమిది సార్లు దిగింది, పద్దెనిమిది సార్లూ లెక్కపెట్టింది.

చివరి పరీక్ష మాత్రం లియోష్ చెయ్యాలి. ఆయన సంతకం పెడితేనే ఆమె ఒంటరిగా ఎగరొచ్చు. జూన్ నెల, ఆదివారం మధ్యాహ్నం. బ్లాజెనా ఎడమ సీటులో, లియోష్ కుడి సీటులో. పైన ఇంజను ఆగిపోయినట్టు అభ్యాసం చేయించాడు. చక్రాలు ముడుచుకుని ఉండగా ఇంజను తగ్గిస్తే హారన్ చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, అది హెచ్చరిక. ఆ మోత పడలేక అక్కడి పాతకాపులంతా చేసే పనే లియోష్ కూడా చేశాడు. ఆ హారన్ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. అభ్యాసం అయ్యాక తిరిగి పెట్టాలి. పెట్టలేదు.

పచ్చికబయలు ఎదురుగా, దిగే దారిలోకి వచ్చాక, "నువ్వు దింపితే బస్సు దిగినట్టుంటుంది. ఇలా ఇవ్వు, నేను దింపుతా చూడు" అని పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నాడు.

"చక్రాలు" అంది బ్లాజెనా.

"తెలుసులే."

"లియోష్, దీపాలు వెలగలేదు."

"ఎండకి కనబడవు. కుదురుగా కూర్చో."

"దించలేదంటున్నా!" అంటూ ఆమె మీట మీదికి చెయ్యి చాపింది. ఆయన ఆమె మణికట్టు మీద చెళ్లున కొట్టాడు. "నేను నడుపుతుంటే ముట్టుకోకు!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకరు నడిపే బండి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదని ఇరవై రెండేళ్లుగా ఒంటబట్టిన నియమం అది. ఇంకో నాలుగు క్షణాలకు విమానం పొట్ట పచ్చిక మీద బర్రున గీసుకుపోయింది.

బెల్టు విప్పుకోకముందే, పరుగెత్తుకొచ్చిన వాళ్లతో లియోష్ అనేశాడు, "చెప్పానా! మరిచిపోయింది!"

"నడిపింది నువ్వు!" అని అరిచింది బ్లాజెనా.

"ఎడమ సీటులో ఎవరున్నారు?"

అంతే. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఎడమ సీటులో ఎవరుంటే పేరు వాళ్లదే, అది కూడా ఆచారమేనట. గురువు పక్కన కూర్చుంటే విమానానికి జవాబుదారీ గురువేనని పుస్తకాల్లో ఉంది, పాఠం చెప్పినవాళ్లే చెప్పారు. ఆ పుస్తకం ఆరోజు ఎవరికీ గుర్తురాలేదు. దొంగే ముందు దొంగా దొంగా అని అరిస్తే, వెనక ఎవరు అరిచినా వినబడదు.

వారం తర్వాత ఒత్మార్ ఆమె బస్సెక్కాడు. జనమంతా దిగిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "విమానాన్ని జాకీల మీదికి లేపినప్పుడు చూశా. ఫ్యూజు లేదు. అడిగితే లియోష్ జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టి, పెట్టెయ్ అన్నాడు. పెట్టేశా."

"మరి అందరికీ చెప్పవేం?"

"మన హ్యాంగరు కప్పు ఆయనే వేయించాడు కదా. ఎందుకొచ్చిన గొడవ తల్లీ. నీకు తెలుసు, నాకు తెలుసు, చాలదా?"

"చాలదు" అంది బ్లాజెనా. "దిగు. ఆఖరి స్టాపు."

ప్రొపెల్లర్ గోడకెక్కే రోజు ఆగస్టులో వచ్చింది. బయట సాసేజీలు కాలుతున్నాయి, లోపల బల్ల మీద వంగిన ప్రొపెల్లర్, సుత్తి, అచ్చుల పెట్టె. బ్లాజెనా రాదనుకున్నారు. వచ్చింది, యూనిఫాంలోనే. నేరుగా సుత్తి అందుకుని, వాళ్ల లిపిలో తన పేరు ఏడక్షరాలూ ఒక్కొక్కటే కొట్టింది. చప్పట్లు కొట్టారు. "రోషముంది అమ్మడికి!" అన్నాడు లియోష్, దయ చూపిస్తున్నట్టు.

"ఉంది" అంది బ్లాజెనా. "నా తప్పు ఇక్కడ దించుకున్నా. చక్రాలు మరిచిపోవడం కాదు నా తప్పు. కొట్టగానే చెయ్యి తీసేసుకున్నా చూడు, అది. ఇంక రెండో రెక్క ఖాళీగా ఉంది."

ప్రొపెల్లర్‌ని తిప్పి పెట్టి, లియోష్ పేరులో మొదటి అక్షరం కొట్టింది. రెండోది కొట్టబోతుంటే ఆయన వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి ఆమె చెయ్యి తియ్యలేదు. సుత్తి గాల్లో అలాగే నిలబడింది.

"వదులు లియోష్" అన్నాడు ఒత్మార్, మూలనుంచి. "ఆరోజు హారన్ ఫ్యూజు నీ జేబులోనే ఉంది. నేనే తిరిగి పెట్టా."

లియోష్ చుట్టూ చూశాడు. ఎవరి మొహం చూసినా ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. చెయ్యి వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. బ్లాజెనా మిగిలిన మూడక్షరాలూ తొందరపడకుండా కొట్టింది.

ఒత్మార్ దగ్గరికి వచ్చాడు. పొగడ్త కోసం ఎదురుచూస్తున్న మొహంతో, "చెప్పేశాగా తల్లీ" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. లియోష్ మీద కూడా అంత కోపం రాలేదు. "ఎనిమిది వారాలు! ఊళ్లో పిల్లలు నా బస్సెక్కి 'అత్తా, చక్రాలున్నాయా?' అని అడుగుతుంటే ఈ నోరెక్కడ దాచావు? ఆ హ్యాంగరు కప్పు కింద పడుకోబెట్టావా?"

ఆమె సుత్తి బల్ల మీద పెట్టింది.

"పేరెక్కినా సరే, కొత్త ప్రొపెల్లర్ వచ్చాక నా పరీక్ష నువ్వే చెయ్యి" అంది. "నేను చక్రాలు అన్నప్పుడు నువ్వు కూడా పైకి అనాలి. గట్టిగా, అందరికీ వినబడేలా."

"అంటా" అన్నాడు ఒత్మార్, లోగొంతుకతో.

"వినబడలేదు" అంది బ్లాజెనా.