గంపగుత్త కంప్యూటర్

మా అమ్మాయి నా చేతిలో పెట్టిన కాగితం మీద ఎనిమిది వస్తువులున్నాయి. ప్రాసెసర్, మదర్ బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్. ఒక్కోదాని ఎదురుగా ఏ రకమో, ఎంతలో దొరుకుతుందో రాసింది. నెల రోజులు వీడియోలు చూసి, స్నేహితులతో వాదించి, ఒకటి తీసి ఒకటి పెట్టి తయారు చేసిన జాబితా అది. మా ఇళ్ళలో పెళ్ళి సంబంధాలు కూడా ఇంత జాగ్రత్తగా చూడరు. తన సంబంధమైతే అసలు చూడనే లేదని మా ఆవిడ అంటూ ఉంటుంది.

కాగితం చదివాను. మదర్ బోర్డు ఉంది గాని ఫాదర్ బోర్డు లేదు. డబ్బు కట్టేవాడికి ఎక్కడా బోర్డుండదని తెలుసు కాబట్టి అడగలేదు. ర్యామ్ పదహారు అని ఉంది. మా నాన్న నోటు పుస్తకాల నిండా రామకోటి రాసిన మనిషి, ఆయన లెక్కన పదహారు మరీ తక్కువ. ఇక గ్రాఫిక్స్ కార్డు. మా ఇంట్లో రేషన్ కార్డు దగ్గర్నుంచి ఆధార్ దాకా చాలా కార్డులున్నాయి, వేటికీ ఇంత ఖరీదు పెట్టలేదు. మొత్తంలో మూడో వంతు అదొక్కటే మింగుతోంది. ఎందుకని అడిగితే డిజైన్‌కి అంది. నేనింకేమీ అడగలేదు గనక తనింకేమీ చెప్పలేదు.

తనది డిజైన్ కోర్సు, రెండో సంవత్సరం. ఏడాది చివరి పనిగా, రోడ్డు పక్కన కూర్చుని చేపలమ్మే ఆడవాళ్ళ కోసం ఒక ఐసు పెట్టె ఆలోచించింది. పెట్టె బొమ్మ గీసిస్తే సరిపోదట. అది ఎలా పని చేస్తుందో కంప్యూటర్లో ఒక నిమిషం సినిమాలాగా తయారు చేసి పంపాలి. గడువు రెండు వారాలు. పంపకపోతే ఆ పేపరు మళ్ళీ వచ్చే ఏడాదే. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మా బావమరిది కొడుకు వాడి వదిలేసినది, ఒక ఫైలు తెరుచుకునేలోగా టీ పెట్టుకుని తాగేయొచ్చు. కాలేజీ ల్యాబులో అందరికీ ఒకేసారి పని పడింది, వరస దొరకడం లేదు. అందుకని కంప్యూటర్ కొనాలి, అదీ ఆ శనివారమే కొనాలి.

మాది కొల్లేటి గట్టున చేపలు పట్టి బతికిన కుటుంబం. మా నాన్న పడవ దిగి వ్యాపారంలోకి వచ్చారు. నేను పడవ ఎక్కకుండానే వచ్చాను. పామర్రు వైపు చెరువుల దగ్గర సరుకు కొంటాను, విజయవాడలో అమ్ముతాను, భవానీపురంలో ఉంటాను. గంపగుత్త అన్న మాట మిగతావాళ్ళకి నుడికారం, మాకు వృత్తి. చెరువు గట్టున చేపల్ని ఒక్కోదాన్నీ ధర కట్టి కొనేవాడు సాయంత్రానికి కూడా ఇల్లు చేరడు. గంప చూసి, మొత్తానికి ఒక మాట అనాలి. ఇప్పుడు గంపల బదులు ప్లాస్టిక్ ట్రేలొచ్చాయి గాని పద్ధతి మారలేదు. దానికి కొన్ని మర్యాదలున్నాయి. మనకి కావాల్సిన చేప వైపు మనం చూడకూడదు. మనతో వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. పెద్దవి పైన, చిన్నవి కింద ఉంటాయని ఇద్దరికీ తెలుసు, తెలిసినట్టు ఇద్దరూ అనకూడదు. మాట తెగాక వెనక్కి రాకూడదు. ముప్పై ఏళ్ళుగా నేను అమ్మిన ప్రతి గంపలోనూ పెద్ద చేపలు పైనే ఉన్నాయి.

కొట్టు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో, మేడ మీద. మెట్లెక్కుతూ మా అమ్మాయికి ఈ మర్యాదలన్నీ చెప్పి, నువ్వేం మాట్లాడకు అన్నాను. తను మెట్ల మధ్యలో ఆగింది.

"సరే. కాని ఎస్ఎంపీఎస్ మాత్రం రాసిందే తీసుకో నాన్నా. అది మార్చకు."

ఎస్ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలకి పంచే ఇనప డబ్బా. బొమ్మ చూపించదు, లెక్కలు చెయ్యదు, వెలగదు. జాబితా మొత్తంలో నీరసంగా ఉన్నది అదొక్కటే. దాని మీద అంత పట్టుదల ఎందుకో నాకర్థం కాలేదు, అర్థమైనట్టు తలూపాను.

కొట్టు యజమాని నా వయసువాడే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో బోర్డుకి స్క్రూలు బిగిస్తున్నాడు. జాబితా చదివి, ఎవరు రాశారో గాని తెలిసి రాశారన్నాడు. పక్కన ఒక్కోదాని ధర వెయ్యబోతుంటే ఆపాను. విడివిడిగా వద్దు, మొత్తానికి ఒక మాట చెప్పమన్నాను. అరవై అయిదు వేలన్నాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ యాభై అయిదన్నాను. ఆయన నవ్వాడు. నేను రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కాను. అరగంట తర్వాత ఇద్దరం యాభై ఎనిమిది దగ్గర ఆగాం. అప్పుడాయన కళ్ళజోడు కిందకి దించి నా మొహం చూశాడు.

"ఆ రేటుకైతే ఇందులో ఒకటి రెండు మారతాయండీ. ముందే చెప్తున్నాను."

"మార్చుకోండి. పైకి కనబడేవి మాత్రం మార్చొద్దు."

ఆ మాట నేనే అన్నాను. దాన్నిక్కడ రాయకుండా దాటేయొచ్చు గాని, మా అమ్మాయి పక్కనే ఉంది. తను నోరు తెరవబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. మూసేసుకుంది.

మధ్యాహ్నానికి అన్నీ బిగించి ఇచ్చారు. క్యాబినెట్‌కి ఒక పక్క అద్దం, లోపల రంగురంగుల దీపాలు, తిరిగే ఫ్యాన్లు. నేను జీవితంలో చూసిన చేపల్లేని అక్వేరియం అదొక్కటే. ఆటోలో ఇంటికొస్తూ, ఏడు వేలు ఎలా మిగిలాయో, గుమ్మం దాటబోయినట్టు ఎప్పుడు నటించాలో, వివరంగా చెప్పాను. తను ఒళ్ళో మానిటర్ పెట్టె పెట్టుకుని వింది.

వారం రోజులు ఏ గొడవా లేదు. తను పెట్టె గీసింది, పెట్టె పక్కన చేపలమ్మే ఆవిణ్ణి గీసింది, రోడ్డు గీసింది, ఎండ పెట్టింది. ఆదివారం సాయంత్రం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరెవరినో తుపాకులు పట్టుకుని అటు రమ్మని, ఇటు కాల్చమని ఆజ్ఞాపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డు చదువుకీ ఆటకీ ఉమ్మడి ఆస్తి అని నాకు ఆ రోజే తెలిసింది. నాలుగో నిమిషంలో కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది. దానికి నీకంటే బుద్ధుందే అన్నాను. తను నవ్వలేదు. లోపల ఏ ఎస్ఎంపీఎస్ వేశారో తెరిచి చూస్తానంది. వెనక కొట్టువాళ్ళ స్టిక్కర్ అంటించి ఉంది, చింపితే వారంటీ పోతుంది. నేను ఒప్పుకోలేదు.

మంగళవారం ఉదయం సినిమా తయారు చెయ్యమని కంప్యూటర్‌కి పని అప్పజెప్పింది. నాలుగో నిమిషంలో ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ నాలుగే. మూడోసారి ఆరాక నన్నడక్కుండా స్టిక్కర్ చింపి, పక్క అద్దం తీసి, ఫోను లైటు లోపలికి వేసి చూసింది.

"నాన్నా, ఇలా రా. అడుగున చిన్న చేపుంది."

వంగి చూశాను. అడుగున, దీపాల వెలుగు పడని మూల, ఊరూ పేరూ లేని ఒక డబ్బా. తను రాసినదాని కంటే వంద వాట్లు తక్కువ. నాకర్థమయ్యే భాషలో తనే చెప్పింది. మామూలు పనికి ఈ డబ్బా చాలు. సినిమా చేసేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, డబ్బా ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. పదెకరాల చెరువులో చేపలకి గాలి అందించడానికి ఒకే ఒక్క ఏరేటర్ పెట్టినట్టు. గడువు గురువారం సాయంత్రం అయిదింటికి.

ఆ క్షణమే కొట్టుకి వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మాట తెగిన గంపని తిరిగి మోసుకెళ్ళడం నా చేత కాలేదు. నా దగ్గర గంప కొని, అడుగున చిన్నవున్నాయని మర్నాడు వచ్చినవాళ్ళని నేనెలా చూశానో నాకు గుర్తుంది. అందుకని, ఇదంతా మన ఏరియా కరెంటులో తేడా, డబ్బా తప్పేం లేదన్నాను. బుధవారం పొద్దున్నే మా ఐసు గదిలో వాడే స్టెబిలైజర్ ఊడదీయించి ఇంటికి తెచ్చాను. దాని బరువుకి ఆటోవాడు మనిషి చార్జీ అడిగాడు. ఎలక్ట్రీషియన్ కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. వైరు చాల్లేదు, అది కొనడానికి ఇంకో గంట. అన్నీ కలిపి సాయంత్రం పెట్టి చూస్తే, నాలుగో నిమిషంలోనే ఆరింది. ఈసారి స్టెబిలైజర్ టక్కుమని చప్పుడు కూడా చేసింది. ఇంకోసారి ఇలా ఆరితే కార్డే పోతుందని మా అమ్మాయి ప్లగ్గు పీకేసింది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నుంచుని ఇదంతా చూసింది.

"కుళ్ళిన చేపకి ఎంత ఐసు పోస్తే ఏం లాభమండీ. వెళ్ళి మార్చుకు రండి."

ఇచ్చిన మాట సంగతి ఏదో చెప్పబోయాను.

"మీ మాట పోతే నాకేం ఫర్వాలేదు. దాని ఏడాది పోతే ఊరుకోను."

గురువారం ఆ డబ్బా ఊడదీసి పట్టుకుని పదింటికే వెళ్ళాం. షట్టర్ తీసేది పదిన్నరకి. యజమాని మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను, మా అమ్మాయే లోపలికి వెళ్ళి మాట్లాడింది. ఆయన పై అరలోంచి తను రాసిన డబ్బానే తీసి బల్ల మీద పెట్టాడు. తను నన్ను పిలిచి, పాతదొక చేతిలో, కొత్తదొక చేతిలో పెట్టింది. కొత్తది దాదాపు రెట్టింపు తూగింది. చేత్తో పట్టుకుని చేప బరువు యాభై గ్రాముల అటూ ఇటూగా చెప్పగలనని నాకు మార్కెట్లో పేరు. కొన్న శనివారం ఆ పాతదాన్ని ఒక్కసారి ఎత్తి చూసినా తెలిసిపోయేది. నేను దీపాలు చూస్తూ ఉండిపోయాను.

"ఆ రోజు మీరొక్క మాట అనుంటే ఇది మార్చేవాణ్ణి కాదమ్మా" అన్నాడాయన. "ఆ లైట్ల క్యాబినెట్టే తీసేసి మామూలుది వేసేవాణ్ణి."

"మా ఇంట్లో నోరు విప్పకూడదండీ. బేరం చెడిపోద్ది" అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా.

పాత డబ్బా ఆయనే వెనక్కి తీసుకుని కొంత తగ్గించాడు. నేను అడగలేదు. మిగతాది చెప్పినంతా ఇచ్చాను. ముప్పై ఏళ్ళలో బేరమాడకుండా కొన్న మొదటి వస్తువది. నోరు దురద పెట్టింది గాని మూసుకున్నాను.

ఇంటికొచ్చి, బిగించి పని మొదలుపెట్టేసరికి పన్నెండయింది. నేను హాల్లో కూర్చుని గడియారం చూశాను. నాలుగో నిమిషం దాటింది. పది దాటింది. ఫ్యాన్ల చప్పుడు అలాగే వస్తోంది. అప్పుడు మా అమ్మాయి వచ్చి, విషయం చెప్పింది. సినిమా మొత్తం తయారవడానికి పది గంటలు పడుతుంది. ఉన్నవి అయిదు. మొత్తం సినిమా కావాలంటే బొమ్మ మసగ్గా ఉంటుంది, బొమ్మ స్పష్టంగా కావాలంటే సగమే వస్తుంది. ఏం చేద్దామని అడగడానికి రాలేదు, సగమే పంపుతున్నానని చెప్పడానికి వచ్చింది. చేపలమ్మే ఆవిడ మొహం మసగ్గా ఉంటే ఆ పెట్టె ఎవరి కోసమో తెలియదంది.

అయిదుకి పది నిమిషాలుండగా పంపింది.

పాసయింది. మార్కులు మామూలుగా వచ్చాయి. పెట్టె బావుందన్నారట, సినిమా మధ్యలో ఎందుకాగిందని అడిగారట. ఇంట్లో పవర్ ప్రాబ్లమండీ అని చెప్పిందట. అందులో అబద్ధం లేదు. ఇంట్లో పవర్ ఎవరి దగ్గరుంటే వచ్చిన ప్రాబ్లమో వాళ్ళడగలేదు, తను చెప్పలేదు.

ఆ ఆదివారం నాకు చూపించింది. ఎర్రటి ఎండ. రోడ్డు పక్క గోనెపట్టా మీద ఒకావిడ. నీలం రంగు పెట్టె, కింద చిన్న చక్రాలు. ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, మూత మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అచ్చం రోడ్డు పక్కన చేపలమ్మిన మా మేనత్త చెయ్యి, ఉంగరం వేలికి కత్తి గాటుతో సహా. మూత లేస్తూ లేస్తూ సగంలో ఆగింది. తర్వాత తెర నల్లగా ఉంది.

"బావుందా?"

లోపల ఏముందని అడిగాను.

"ఐసు నాన్నా. రెండో సగంలో వస్తుంది."

రెండో సగం ఇంకా చెయ్యలేదు. కాలేజీకి ఇప్పుడది అక్కర్లేదు. నాకు కావాలని అడగొచ్చో లేదో తెలియక ఊరుకున్నాను.