పుట్టిలో తొడిగిన గాజులు

శ్రావణ మాసం మూడవ సోమవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం నిండా మబ్బు, వాన లేదు. పడమటి నుంచి ఈదురుగాలి. ఎమ్మిగనూరుకు ఉత్తరాన, తుంగభద్ర ఒడ్డున నేనూ నా భార్యా నిలబడి ఉన్నాము. ఆమె చంకలో స్టీలు డబ్బా. అందులో ఆదోని బజారులో కొన్న నాలుగు డజన్ల ఆకుపచ్చ గాజులు.

మా ఇంట్లో పెరిగిన మనవరాలు అవతలి ఒడ్డు ఊరికి కోడలై వెళ్ళింది. ఆ రోజు ఆమె సీమంతం. పుట్టింటి గాజులు ముందుగా చేతికెక్కితే తప్ప తక్కినవారు తొడగరు. ముహూర్తం పది గంటలతో సరి. వంతెన మీదుగా వెళ్ళే బస్సును ఉరుకుంద జాతరకు మళ్ళించారు. దొరికిన ఆటో వంతెన దాటి రానని మమ్మల్ని ఏటి ఒడ్డున దించింది. ఇక మిగిలింది పుట్టి: వెదురు అల్లి, పట్టా కప్పి, తారు పూసిన పెద్ద గంప.

"గాలి శానా ఉండాది పెద్దాయనా, ఈ పొద్దు వద్దు" అన్నాడు పుట్టివాడు.

"నీకు ఆడబిడ్డలుండారా అప్పా?" అని అడిగింది నా భార్య.

"ఇద్దరుండారమ్మా."

"అట్లయితే తెడ్డు పట్టు."

అతడు నవ్వి తెడ్డు పట్టాడు. పావుగంట ప్రయాణమన్నాడు. నడి ఏటికి చేరేసరికి గాలి హెచ్చింది. ముందూ వెనుకా లేని ఆ గంప బొంగరంలా తిరగసాగింది. ఒక అల అంచు దాటి లోపలికి దూకి, నీళ్లు తోడే చెంబును ఊడ్చుకుపోయింది. రెండవ అలకు మేము కూర్చున్న చోట జానెడు నీళ్లు నిలిచాయి.

"ఆ డబ్బా ఖాళీ చెయ్యి పెద్దాయనా, నీళ్లు తోడల్ల!"

"అందులో గాజులున్నాయి" అన్నాను.

"గాజులు తొడుక్కునేకి మనుషులు లేరా?"

సీమంతం గాజులను ముందు మరొకరు తొడుక్కోరాదని నా భార్య నియమం. ఒప్పుకోదనే అనుకున్నాను. ఆమె ఒక్క క్షణం అవతలి ఒడ్డు వైపు చూసి, రెండు చేతులూ నా ముందుకు చాచింది.

"నలుగుర్ని కని సాకిన చేతులివి. పిల్లకి మంచే గాని చెడ్డ రాదు. ఊఁ, తొడుగు."

"నేనా?"

"ఇంకెవురు, ఆ యప్పనా? పెండ్లయి యాభై ఏండ్లాయ, ఒక్క దినమన్నా గాజు తొడిగినావా నాకి?"

"నలభై ఎనిమిది సంవత్సరాల మూడు నెలలు."

"లెక్క గడ్డకి పోయినాక సెప్పు, ముందు తొడుగు!"

పుట్టివాడు ముఖం తిప్పుకొని నవ్వాడు. ఆమె చేతులు తడిసి ఉండడం మేలయింది. వేళ్లు దగ్గరికి మడిచి ఇస్తూ, "మెల్లగ, మెల్లగ" అంటూ నాకే నేర్పింది. చేతికి పద్దెనిమిది చొప్పున ఎక్కించాను. మిగిలినవి నా పైపంచెకు గుచ్చి మెడలో ముడివేసుకున్నాను. తరువాత ఒడ్డు చేరేదాకా డబ్బాతో నీళ్లు తోడాను. ఆమె మోచేతులు పైకెత్తి కదలకుండా కూర్చుంది. భయమా అని అడిగితే, "గాజులకి" అంది.

పావుగంట దారికి గంటా యాభై నిమిషాలు పట్టింది. రేవుకు చాలా దిగువన తేలాము. తడిసిన బట్టలతో, మెడలో గాజుల దండతో తొమ్మిది నలభైకి నేను పందిట్లో అడుగుపెట్టగానే వియ్యపురాలు, "సీమంతం పిల్లకా, తాతకా?" అంది. పందిరంతా నవ్వింది. మనవరాలు మాత్రం పీట మీద నుంచి లేచివచ్చి, అవ్వ చేతి గాజులను ఒక్కొక్కటే తీసి తన చేతికి ఎక్కించుకుంది. ఆఖరున చేతికొకటి అవ్వకే వదిలేసింది, ఎంత చెప్పినా వినలేదు. మిగిలినవి నా మెడలో నుంచి తీసుకుంది.

కొన్న గాజులు నలభై ఎనిమిది. పగిలినవి అయిదు, అందులో నాలుగు నేను తొడిగేటప్పుడే. అవ్వ చేతులకు ఉండిపోయినవి రెండు. మనవరాలి కుడిచేతికి ఇరవై ఒకటి, ఎడమ చేతికి ఇరవై. మొత్తం నలభై ఒకటి.